కార్తిక వాటా

పొన్నుసామిగారి పెద్దకర్మ అయిన మరునాడు ఆయన కొడుకులు వచ్చి మందుల అంగడికి తాళం వేశారు. కోవిల్‌పట్టిలో పెద్దాసుపత్రికి పోయే దారిలో ఉండేది ఆ అంగడి. రమేష్‌బాబు మీసాలు వచ్చీరాని వయసులో అందులో పనికి చేరాడు. ముప్పై దాటేదాకా అక్కడే ఉన్నాడు. వేరే పని తెలియదు. గోడకు తగిలించిన ఫార్మసీ సర్టిఫికెట్టు మాత్రం పొన్నుసామిగారిది. ఆయన పోయాక ఆ అంగడిలో ఇంకెవరూ చట్టప్రకారం ఒక్క మాత్ర కూడా అమ్మడానికి లేదు.

పెద్దకొడుకు మంచివాడే. తాళంచెవి జేబులో వేసుకుంటూ, "మాకు ఈ యాపారం తెలీదు రమేసూ. నువ్వు ఆ చదువు చదివుంటే నీకే ఇచ్చుందుము కదా" అన్నాడు.

ఆ మాట రమేష్‌బాబు వెంట ఇంటిదాకా వచ్చింది. ప్లస్ టూలో సైన్సు చదివాడు. తండ్రికి జబ్బు చేసి, పుదూరు దగ్గరి నల్లరేగడి చేను కౌలుకు పోయాక అక్కడితో ఆపేశాడు. ఇప్పుడు వాకబు చేస్తే ఊరి బయట ఒక కాలేజీలో డి.ఫార్మ్. సీటుందన్నారు. రెండేళ్ళ చదువు. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగింటిదాకా క్లాసులు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

తల్లి అంగమ్మాళ్ మేకలకు ఆకు వేస్తూ విన్నది. "చదువుకో నాయనా. మన కడుపుకి ఎట్లో జరుగుతాది" అని, ఇంకో కొమ్మ వేసి, "ఆ విరుదునగరం దుడ్డు మాటేంది?" అని అడిగింది.

విరుదునగరంలో రమేష్‌బాబు భార్య మహేశ్వరిప్రియ, కూతురు కార్తిక ఉన్నారు. భార్యాభర్తలు విడిపోయి రెండేళ్ళు దాటింది. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. అత్తాకోడళ్ళకు పొత్తు కుదరలేదు. రోజూ ఏదో ఒక మాట. ఇద్దరి మధ్యా నిలబడి చెప్పవలసిన మనిషి నోరు తెరవలేదు. అంగడి నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని, తిని, పడుకునేవాడు. "మీరు ఏదో ఒకటి చెప్పండి, నాది తప్పని అయినా చెప్పండి" అని ఆమె అడిగి అడిగి విసిగిపోయి, మూడేళ్ళ బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. అక్కడే ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఆమె తండ్రి మిరపకాయల గోడౌన్లో లెక్కలు రాస్తాడు, తల్లికి మోకాళ్ళ జబ్బు. బిడ్డ పోషణకు నెలకు ఐదు వేలు ఇవ్వాలని విరుదునగరం కోర్టు చెప్పింది. రమేష్‌బాబు అంగడిలో ఉన్నంతకాలం తప్పకుండా పంపాడు. బిడ్డను చూడడానికి మాత్రం పండగలకో, పుట్టినరోజుకో వెళ్ళి, వాకిట్లోనే నిలబడి, బిస్కెట్ పొట్లం ఇచ్చి తిరుగుబస్సు ఎక్కేవాడు.

కాలేజీలో చేరాడు. సాయంత్రాలు ఒక మందుల గోడౌన్లో పెట్టెలు కట్టే పని దొరికింది. ఆ వచ్చేది ఇంటి బాడుగకూ బియ్యానికీ సరిపోయేది. నెల తిరిగేసరికి విరుదునగరానికి పంపడానికి ఏమీ మిగల్లేదు. రెండో నెలా అంతే. ఫోన్ చేసి చెప్పడానికి నోరు రాలేదు.

ఊళ్ళో ముత్తుపాండి అనే వకీలు తెలిసినవాడు. అంతా విని, "ఇదేం పెద్ద విషయం కాదు. పూర్తికాలం విద్యార్థిని, ఏ ఆదాయమూ లేదు, చదువు అయ్యేవరకు భరణం ఆపండి అని ఒక పిటిషన్ వేద్దాం" అన్నాడు.

"సాయంత్రం పని ఉండాది కదండీ?"

"అదొక పనా? రసీదు లేదు, జీతం చిట్టా లేదు. నువ్వు చెబితే కదా తెలిసేది?"

రమేష్‌బాబు ఎదురు చెప్పే అలవాటు లేనివాడు. చూపిన చోట సంతకం పెట్టాడు.

కోర్టు ఆ పిటిషన్‌ను వెంటనే తేల్చకుండా ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండని మధ్యవర్తిత్వ కేంద్రానికి పంపింది. కేంద్రమంటే కోర్టు ఆవరణలోనే ఒక గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. మధ్యవర్తి గాంధిమతి అనే వకీలమ్మ. నెరిసిన జుట్టు, తొందర లేని మాట. బల్లకు ఒక పక్క మహేశ్వరిప్రియ, ఇంకో పక్క రమేష్‌బాబు. వెనక గోడకు ఆనుకుని ముత్తుపాండి.

ఆ గదిలో మాటలన్నీ తమిళంలోనే. గాంధిమతి పిటిషన్ చదివి కళ్ళజోడు తీసి అడిగింది.

"ఆదాయం ఏమీ లేదని రాశావు తమ్ముడూ. మరి అన్నం ఎలా తింటున్నావు?"

ముత్తుపాండి గొంతు సవరించుకున్నాడు. రమేష్‌బాబు బల్ల వంక చూశాడు. ఎదురుగా ఉన్న మనిషి తన నోటి వంకే చూస్తోందని తల ఎత్తకుండానే తెలిసింది. ఎన్నో రాత్రులు ఆమె అలాగే చూసి ఉంటుంది.

"సాయంత్రాలు గోడౌన్లో పని చేస్తున్నానమ్మా" అన్నాడు. "కొంచెం వస్తుంది. పిటిషన్లో అది రాయలేదు."

ముత్తుపాండి 'ఛ' అనుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. గాంధిమతి కోపపడలేదు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"చూడు. చదువుకోవడం తప్పని ఎవరూ అనరు. కానీ చదువుకుంటున్నాను కాబట్టి బిడ్డ వాటా లేదంటే చట్టం ఒప్పుకోదు. నువ్వు ఇవాళ ఎంత తెస్తున్నావన్నదొక్కటే కాదు, ఎంత తేగలవన్నది కూడా చూస్తుంది. కాళ్ళూ చేతులూ ఆడే మనిషివి. చదువు నీ ఇష్టంతో చేరావు. ఆ చదువు రేపు బిడ్డకు కూడా పనికొస్తుందని జడ్జిగారికి నమ్మకం కలిగితే కొంతకాలం తగ్గిస్తారేమో. పూర్తిగా ఎత్తేయరు." అప్పుడు మహేశ్వరిప్రియ వైపు తిరిగింది. "నువ్వేమంటావమ్మా?"

మహేశ్వరిప్రియ జవాబు గాంధిమతికి చెప్పలేదు. భర్త వైపు తిరిగి ఇంట్లో మాట్లాడే తెలుగులో అడిగింది.

"నేనూ బి.ఎడ్. చేరాలని చూస్తా ఉండాను. అది ఉంటే పెద్ద బళ్ళో పని దొరుకుతాది. దూరంగా ఉండి చదవొచ్చు, శని ఆదివారాలు మదురైలో క్లాసులకు పోతే చాలు. ఆ రెండు దినాలు బిడ్డను ఎవురు చూస్తారు? అమ్మ లేచి నడవలేదు. అందుకని చేరలా. చదువుకుంటా ఉండాను, ఇయ్యలేనని మీరు కోర్టులో మనవి పెట్టుకున్నారు. నేను ఎవురికి పెట్టుకునేది? కార్తికకా?"

ఆ తెలుగు గాంధిమతికి అర్థమైనట్టు లేదు. కానీ ఏమన్నదని అడగలేదు.

ఇన్నాళ్ళూ రమేష్‌బాబు ఆ ఐదు వేలను కోర్టు తన మీద వేసిన భారంగా చూశాడు. ఆ డబ్బు పోను మిగిలినదంతా, అంటే అన్నం తినిపించడం, తల దువ్వడం, జ్వరానికి పక్కన కూర్చోవడం, బడికి దింపడం, ఇవన్నీ ఒక మనిషి రోజూ చేస్తోందని, ఆ మనిషికి కూడా వేరే కోరిక ఉండవచ్చని అతనికి తట్టనే లేదు.

"శనివారం నాకు క్లాసు లేదు" అన్నాడు. "బిడ్డను నేను చూసుకుంటాను. కోవిల్‌పట్టికి పిలుచుకొని పోతాను. ఆదివారం సాయంత్రం తెచ్చి వదులుతాను."

"ఒక వారం వచ్చి రెండో వారం మానేస్తే నా చదువు నిలిచిపోతాది."

"మానను."

ఆమె నమ్మినట్టు లేదు, కానీ కాదనలేదు. గాంధిమతి ఇద్దరి మాటలూ తమిళంలో మళ్ళీ చెప్పించుకుని రాసింది. చదువు అయ్యేవరకు రమేష్‌బాబు సగం భరణం ఇవ్వాలి. మిగతా సగం మాఫీ కాదు, పని దొరికాక నెలనెలా కొంచెంగా తీర్చాలి. ఆమె క్లాసులు ఉన్నంతకాలం శని ఆదివారాలు బిడ్డ తండ్రి దగ్గర. జడ్జిగారు దాన్ని చూసి ఒప్పుకున్నారు. మెట్లు దిగుతూ ముత్తుపాండి, "నా మాట విని నోరు మూసుకుని ఉంటే..." అని మొదలుపెట్టి, రమేష్‌బాబు ముఖం చూసి, "సరేలే, టీ తాగుదాం రా" అన్నాడు.

మొదటి శనివారం కార్తిక రైల్లో కిటికీ పక్కన కూర్చుని సాత్తూరు దాటేవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఐదేళ్ళ పిల్ల. సంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ తరువాత ఒకసారి, "మా అమ్మ మదురై పోయి మళ్ళీ వస్తుందా?" అని తమిళంలో అడిగింది. వస్తుందన్నాడు. "నిజంగా?" అంది. నిజంగానే అన్నాడు. ఇంటికి వచ్చాక అన్నం తినలేదు. మేకపిల్లను చూసి కొంచెం కుదుటపడింది.

రమేష్‌బాబుకు బిడ్డతో ఏం మాట్లాడాలో తెలియలేదు. జడ వేయబోతే ఒక పక్క బిగుతు, ఒక పక్క వదులు. అంగమ్మాళ్ దువ్వెన లాక్కుని తానే వేస్తూ, "మీ అమ్మకి బిడ్డ కంటే చదువు ఎక్కువైపోయింది, ఏం చేసేది" అంది.

కార్తిక ముఖం చిన్నబోయింది. రమేష్‌బాబు పక్కన తెరిచి పెట్టుకున్న పుస్తకం మూసి లేచాడు. తల్లి ముందు అలా నిలబడడం అతని జీవితంలో అదే మొదలు.

"అమ్మా, ఆ బిడ్డ ముందర వాళ్ళమ్మను గురించి ఒక మాట అనేది లేదు. చదువు నాకు ఎక్కువైతే ఒప్పు, ఆమెకైతే తప్పా?"

అంగమ్మాళ్ చేతిలో జడ అలాగే ఉండిపోయింది. "ఈ మాట అప్పుడే చెప్పుంటే..." అని ఏదో గొణిగి, జడ ముగించి, వంటింట్లోకి పోయింది. ఆ పూటంతా కొడుకుతో మాట్లాడలేదు. సాయంత్రానికి మనవరాలికి వేరుశెనగ పప్పు బెల్లం కలిపి పెడుతూ, "అప్పా కాదు, నాయనా అని పిలువు. మన ఇంట్లో అట్లే పిలిచేది" అని నేర్పడం మొదలుపెట్టింది. కార్తికకు ఆ మాట వింతగా ఉన్నట్టుంది. నవ్వి, "నాయనా" అని ఒకసారి, "అప్పా" అని ఒకసారి పిలిచింది. చివరికి ఏదైనా కావాలంటే నాయనా, కోపం వస్తే అప్పా అని స్థిరపడింది.

వారాలు గడిచాయి. కాలేజీలో తనకంటే పదేళ్ళకు పైగా చిన్నవాళ్ళ మధ్య కూర్చుని చదవడం రమేష్‌బాబుకు సులభంగా లేదు. మందుల పేర్లు తెలుసు గానీ కెమిస్ట్రీ బొత్తిగా ఎక్కలేదు. చిన్న పిల్లలు ఒకసారి వింటే పట్టేసేది అతను పదిసార్లు రాయవలసి వచ్చేది. శనివారాలు నేల మీద పుస్తకాలు పరుచుకుని రాస్తుంటే కార్తిక పక్కనే బోర్లా పడుకుని బొమ్మలు వేసేది. మనిషి గుండె పటం చూసి, "ఇది మామిడికాయా?" అని అడిగింది ఒకరోజు. సగం భరణం నెలనెలా పంపాడు. ఒక నెల మాత్రం గోడౌన్లో జీతం ఆలస్యమై ఆగవలసి వచ్చింది. అప్పుడు కూడా ఫోన్ చెయ్యకుండా ఊరుకున్నాడు. రెండు వారాల తరువాత పంపాడు. మహేశ్వరిప్రియ ఏమీ అడగలేదు. అదీ బాగానే సర్దుకుందనుకున్నాడు.

సర్దుకోలేదని మొదటి ఏడు చివర తెలిసింది.

ఆ వారాంతం మహేశ్వరిప్రియకు మదురైలో పరీక్షలు. సోమవారం అతనికి కెమిస్ట్రీ పరీక్ష. శనివారం మధ్యాహ్నం కార్తికకు ఒళ్ళు కాలిపోయింది. వాంతులు కూడా. రమేష్‌బాబు ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు చూసి, వైరస్ జ్వరం, భయం లేదు, రెండు రోజులు కనిపెట్టి ఉండాలి అన్నాడు. ఇంటికి వచ్చాక తడిగుడ్డ మారుస్తూ, గంజి తాగిస్తూ పక్కనే కూర్చున్నాడు. బిడ్డ అతని వేలు పట్టుకుని నిద్రపోయేది, వేలు తీస్తే లేచేది. పుస్తకం తెరవనే లేదు. ఆమెకు చెప్పాలా వద్దా అని ఆలోచించాడు. చెబితే పరీక్ష వదిలేసి పరిగెత్తుకొస్తుంది, ఏడాది శ్రమ పోతుంది అనుకుని చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నానికి జ్వరం దిగింది. సాయంత్రం దుప్పటి కప్పి విరుదునగరం తీసుకుపోయాడు. మంచి పనే చేశానన్న తృప్తి లోపల ఉంది.

వాకిట్లో బిడ్డను అందుకున్న మహేశ్వరిప్రియ నుదుటి మీద చెయ్యి పెట్టి అడిగింది.

"ఎప్పటినుంచి?"

"నిన్న మధ్యాహ్నం నుంచి. డాక్టరు చూసినాడు. ఇప్పుడు పరవాలేదు."

"నాకెందుకు చెప్పలా?"

"నీకు పరీక్ష కదా. చెడిపోతాదని..."

"నా పరీక్ష చెడిపోతే నేను చూసుకుంటాను. నా బిడ్డకు జ్వరం అని నాకు తెలియాల." బిడ్డను భుజం మీదికి ఎత్తుకుంది. "పోయిన నెల దుడ్డు వేళకు రాలా. ఎందుకు రాలా అని నాకు తెలీదు. నేను అడగలా. ఆలస్యమవుతాది అని ఒక్క మాట చెప్పుంటే బడి ఫీజుకు వేరే దారి చూసుకుందును కదా. మీరు చేసేది మంచిదే అయినా, నోరు మూసుకొని చేస్తే నాకు భయమవుతాది. ఆ ఇంట్లో ఉన్నప్పుడూ ఇదే కదా."

రమేష్‌బాబుకు మొదట కోపం వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, మరునాడు పరీక్ష. ఇంత చేస్తే ఈ మాటా అనిపించింది. తిరుగు బస్సులో, సాత్తూరు దాటాక, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన ఆడవాళ్ళు ఎక్కి బస్సు నిండా మాటలు నింపుతుంటే, ఆ కోపం కొంచెం కొంచెంగా తగ్గింది. ఆమె అన్నదాంట్లో తప్పెక్కడుందో వెతికాడు. దొరకలేదు. తానే మదురైలో ఉండి, బిడ్డ జ్వరం సంగతి అందరూ దాస్తే తనకెలా ఉండేది?

బస్సు దిగి ఫోన్ చేశాడు. "ఇంక ఏమున్నా చెబుతాను. మంచిదైనా, చెడ్డదైనా" అన్నాడు.

"సరే" అంది. ఫోన్ పెట్టేసే ముందు, "రేపు పరీక్ష బాగా రాయండి" అంది.

బాగా రాయలేదు. కెమిస్ట్రీ తప్పాడు. ఫలితం వచ్చిన రోజే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాడు. ఆమె తన ఫలితం చెప్పింది, పాసైంది. "అన్నీ పాసైనానని చెప్పేదానికి సిగ్గుగా ఉండాది" అంది. అతను నవ్వాడు. వాళ్ళిద్దరూ ఫోన్లో నవ్వుకోవడం చాలా ఏళ్ళ తరువాత అదే మొదటిసారి.

ఆ తరువాతి ఏడాది అతను ప్రతి చిన్న సంగతీ చెప్పడం అలవాటు చేసుకున్నాడు. రైలు ఆలస్యమైతే చెప్పాడు. జీతం ఎప్పుడొస్తుందో ముందే చెప్పాడు. కార్తిక పాలపన్ను ఊడితే చెప్పాడు. మాట్లాడడం అతనికి సహజంగా వచ్చేది కాదు. నడక కొత్తగా నేర్చుకునే మనిషిలా ఒక్కొక్క మాటే వేసేవాడు. కెమిస్ట్రీ రెండోసారి రాసి గట్టెక్కాడు. ఆసుపత్రిలో మూడు నెలల శిక్షణ కూడా ముగించాడు. కోవిల్‌పట్టిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల విభాగంలో పని దొరికింది. ఈసారి గోడ మీద ఉన్నది అతని సర్టిఫికెట్టే. దాని ఫొటో అంగమ్మాళ్ అడిగి అడిగి ఫోన్లో తీయించుకుంది.

మొదటి జీతం నుంచే ఐదు వేలూ, దానితోపాటు పాత బాకీలో ఒక వంతూ పంపడం మొదలుపెట్టాడు. మహేశ్వరిప్రియ బి.ఎడ్. ముగించి అరుప్పుకోట్టై దారిలో ఒక పెద్ద బళ్ళో చేరింది. కోర్టులో కేసు ముగిసింది. వాళ్ళిద్దరూ మళ్ళీ కలుస్తారని బంధువులు అనుకున్నారు. అంగమ్మాళ్ కూడా ఒకసారి నోరు విడిచి, "పిలిస్తే వస్తాదేమో అడుగు నాయనా" అంది. రమేష్‌బాబు అడిగాడు కూడా. ఆమె, "ఇట్లే బాగుండాది. కలిసి ఉన్నప్పటి కంటే ఇప్పుడే మనిద్దరం బాగా మాట్లాడుకుంటా ఉండాము. దాన్ని చెడుపుకోవద్దు" అంది. అతనికి బాధ కలిగింది. కానీ ఆ మాట నిజమని కూడా తెలుసు.

ఆమె క్లాసులూ, కోర్టు కేసూ అయిపోయిన తరువాత ఒక ఆదివారం. బిడ్డను దింపి వాకిట్లో నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ రావడానికి కాగితం మీద ఒక కారణముంది. అది తీరిపోయింది. ఎలా అడగాలో తెలియక చెప్పులు తొడుక్కుని, విడిచి, మళ్ళీ తొడుక్కున్నాడు. చివరికి అడిగేశాడు.

"నీకింక శనివారాలు పని లేదు కదా. నేను వచ్చేది..."

"నా చదువు కోసం మీరు వచ్చింది అయిపోయింది. బిడ్డ కోసం వచ్చేదైతే బిడ్డనే అడగండి" అని ఆమె పక్కకు తప్పుకుంది.

కార్తికకు ఇప్పుడు ఎనిమిదో ఏడు నడుస్తోంది. సంచి మూలన పడేసి వచ్చి, అన్నీ విన్నదానిలా నడుము మీద చేతులు పెట్టుకుంది.

"వచ్చే శనివారం వద్దు నాయనా. మా క్లాసులో ఆర్తి పుట్టినరోజు. కేకు కోస్తారు."

రమేష్‌బాబు ముఖం వాడింది. మహేశ్వరిప్రియ నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది.

"దాని తరువాత శనివారం రా" అంది కార్తిక. "పొద్దున బండికే రా. ఆలస్యమైతే ముందే చెప్పు."

చెబుతానన్నాడు.